ఒడిశా సరిహద్దు నీళ్లలో గాలం: అనుమతి, కాలం, కొలత, పద్ధతి

పర్లాకిమిడి నుంచి మల్కన్‌గిరి దాకా గాలం వేసే తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటే. "ఇక్కడ పట్టొచ్చా?" అని అడిగితే గట్టు మీద నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. వాళ్లలో ఎవరూ అబద్ధమాడరు, ఎవరి నీటి సంగతి వాళ్లు చెబుతారంతే. వంశధార పాయలో చెల్లే మాట పక్కనే ఉన్న పంచాయతీ చెరువులో చెల్లదు. జోలాపుట్ జలాశయంలో ఈ ఒడ్డు పద్ధతి వేరు, ఆ ఒడ్డు పద్ధతి వేరు. కాబట్టి రాడ్డు కంటే, ఎర కంటే ముందు నీరు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవాలి. మిగతా రూల్స్ అన్నీ దాన్నిబట్టే వస్తాయి.

మొదటి మెట్టు: నీరు ఎవరిది?

మన వైపు నీళ్లు స్థూలంగా నాలుగు రకాలు.

పంచాయతీ చెరువు. ఊరి చెరువును గ్రామ పంచాయతీ లీజుకిస్తుంది. లీజు తీసుకున్నవాళ్లు పిల్ల వేసి, మేత వేసి పెంచుతారు. గట్టు కట్టిన చెరువులో పెంచుకున్న చేపను అడగకుండా పడితే అది దొంగతనమే. "ఒక్క గాలమే కదా" అంటే పనికిరాదు. ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి సర్పంచ్‌నో, పంచాయతీ కార్యనిర్వాహక అధికారినో (అక్కడందరూ పీఈవో అంటారు) లీజు ఎవరిదో అడగండి. ఆ తర్వాత లీజుదారుతో మాట్లాడండి. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు అధికారాలిచ్చే చట్టం) ప్రకారం ఇక్కడ చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతిలోనే ఉంటాయి. ఊరి పెద్దలు వద్దన్నారంటే జిల్లా కేంద్రం నుంచి ఎవరితో ఫోన్ చేయించినా లాభం లేదు, అలా చేయించడం మర్యాద కూడా కాదు.

జలాశయం. ఎగువ కొలాబ్, బలిమెల, జోలాపుట్ లాంటివి. ఒడిశాలో జలాశయాల చేపల హక్కు ఎక్కువగా ప్రాథమిక మత్స్యకారుల సహకార సంఘాలకు వెళుతుంది. సంఘం వాళ్లు వేసిన పిల్లే ఏడాది తిరిగాక మీ గాలానికి తగిలే బొచ్చె. చేపలు దించే రేవు దగ్గరకు ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య వెళితే సంఘం కార్యదర్శో, తూకం రాసే మనిషో దొరుకుతారు. పగలు పదకొండు దాటాక వెళితే ఎవరూ ఉండరు.

నది, గెడ్డ. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, శబరి. పారే నీరు కాబట్టి అందరిదీ అనుకుంటాం కానీ కొన్ని మడుగులకు, ఇసుక రేవులకు ఊరి కట్టుబాట్లు ఉంటాయి. గుడి ఎదురుగా ఉన్న రేవులో చేప పట్టరు. గుప్తేశ్వర్ దగ్గర శబరి ఒడ్డున కూడా ఈ మర్యాద పాటించండి. ఊళ్లో ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

అడవి. అభయారణ్యం హద్దులో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, చేపలు పట్టడం తర్వాతి సంగతి. గజపతి జిల్లా వైపు లఖారి లోయ అభయారణ్యం ఉంది. అక్కడి వాగులో నీరు ఎంత తేటగా కనిపించినా గాలం సంచిలోనే ఉండాలి.

బోర్డులు ఒడియాలో ఉంటాయి. "మాఛ ధరిబా మనా" అని ఉంటే చేపలు పట్టకూడదని. లిపి రానివాళ్లు ఫొటో తీసి పక్కవాళ్లతో చదివించుకోండి. చేపల పేర్లు కూడా నాలుగు తెలిసుంటే బేరం దగ్గరా, అనుమతి దగ్గరా పని సులువవుతుంది: బొచ్చెను భాకుర అంటారు, శీలావతిని రోహి, ఎర్రమోసును మిరికాళి, కొరమీనును శెఉళ, వాలుగను బాళియా.

రెండో మెట్టు: రాష్ట్రం గీత ఎక్కడుంది?

జోలాపుట్‌లో ఆంధ్రా వైపు ముంచింగిపుట్టు, ఒడిశా వైపు కొరాపుట్ జిల్లా. నీటి మీద గీత కనబడదు. ఆంధ్రాలో తీసుకున్న లైసెన్సు ఒడిశా నీటిలో చెల్లదు, అక్కడిది ఇక్కడా చెల్లదు. ఒడ్డు మీద నుంచి గాలం వేసేవారికి ఇబ్బంది లేదు, ఏ ఒడ్డున నిలబడితే ఆ రూలు. నాటు పడవ ఎక్కితేనే చిక్కు. పడవ నడిపే మనిషిని బయల్దేరేముందే "ఎంత దాకా మనది?" అని అడిగి, గుర్తుగా ఒక లంకో గుట్టో చూపించమనండి.

మోటు దగ్గర సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సీలేరు, శబరి కలిసే ఆ చోట ఒడిశా, ఆంధ్రా, ఎదురుగా కోంటా వైపు ఛత్తీస్‌గఢ్, మూడూ ఎదురుపడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదుల్లో, వాటితో కలిసిన వాగుల్లో వేట నిషేధం. నదీ వాగులతో సంబంధం లేని చిన్న చెరువులకు దాని నుంచి మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో శబరి అవతలి గట్టుకు గాలంతో వెళ్లకండి.

మూడో మెట్టు: కాలం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధమని టీవీలో వస్తుంది. అది తూర్పు తీరంలో సముద్రపు వేటకు. మంచినీటి చేపలకు దానితో సంబంధం లేదు. ఈ పొరపాటు రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. కొందరు ఆ రెండు నెలలూ ఊరికే మానేస్తారు, మరికొందరు జూన్ 15న "నిషేధం అయిపోయింది" అని సరిగ్గా చేపలు గుడ్లు పెట్టే వేళకు నదికి వెళతారు.

మంచినీటిలో ఆగవలసింది వానాకాలంలో. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. తొలకరి వరద నదిలోకి రాగానే ఎదురెక్కి, గట్లు పొర్లిన పల్లపు నీటిలో గుడ్లు వదులుతాయి. శీలావతి కిలో బరువుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. వరద రోజున వాగు మూతి దగ్గర మూడు కిలోల తల్లి చేపను పట్టారంటే ఎంత పోయిందో లెక్క వేసుకోండి. ఒడిశా జలాశయాల్లో సాధారణంగా జూలై, ఆగస్టు నెలలు మూసి ఉంచుతారు. ఆ ఏటి తేదీలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలోనూ, రేవు దగ్గర సంఘం గోడ మీదా అంటిస్తారు. తేదీ చూశాకే బయల్దేరండి. నదుల్లో, గెడ్డల్లో బోర్డు ఉన్నా లేకపోయినా జూన్ నడిమి నుంచి ఆగస్టు చివరి దాకా మానేయమని గట్టిగా చెబుతాం. అప్పటి బురద నీటిలో గాలానికి పడేదీ తక్కువే.

కొరమీను సంగతి వేరే. చెరువు అంచున కలువాకుల మధ్య నీటి పైన పళ్లెమంత మేర ఎర్రగా, నారింజ రంగులో బుడబుడలాడుతూ కనబడితే అది కొరమీను పిల్లల గుంపు. గుంపు గాలి పీల్చడానికి ఒక్కసారిగా పైకి వచ్చి మళ్లీ దిగుతుంది. దాని కింద ఒక జానెడు లోతులో తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఏది లాగినా మీద పడతాయి. ఆకలితో కాదు, పిల్లల కోసం. దాన్ని ఆసరా చేసుకుని పట్టడం చాలాచోట్ల మామూలైపోయింది. తల్లిదండ్రులు పోయిన పిల్లలను మిగతా చేపలు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. గుంపు కనబడితే ఆ అంచు వదిలి పది గజాలు అవతలికి వెళ్లండి.

మంచి కాలమంటే మైదానపు నీళ్లలో, అంటే కాశీనగర్, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల, అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా. కొరాపుట్ పీఠభూమి మీద కొలాబ్, జోలాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంటాయి. డిసెంబరు, జనవరిలో నీరు బాగా చల్లబడి బొచ్చె, శీలావతి మేత తగ్గిస్తాయి. అక్కడ అక్టోబరు, నవంబరు, మళ్లీ ఫిబ్రవరి నడిమి నుంచి ఏప్రిల్ దాకా మేలు. చలి రోజుల్లో తెల్లవారుజామున కూర్చోవడం దండగ. ఎండ ఎక్కి పైనీరు కాస్త వేడెక్కాక, పది నుంచి మూడు మధ్య వేయండి.

నాలుగో మెట్టు: అనుమతి కాగితం

నోటిమాట ఇచ్చినాయన ఆ రోజు ఊళ్లో లేకపోతే గొడవే. చిన్న కాగితం మీదైనా రాయించుకోండి. అందులో ఇవి ఉండాలి: తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎన్ని రాడ్లు, ఏ గట్టు, పట్టిన చేప ఇంటికి తీసుకెళ్లొచ్చా, తీసుకెళితే కిలోకు ఎంత ఇవ్వాలి, ఇచ్చినవారి సంతకం. కిలో ధర ముందే మాట్లాడుకోకపోవడమే ఎక్కువ తగాదాలకు మూలం. మూడు కిలోల బొచ్చె చేతిలో ఉండగా మొదలయ్యే బేరం ఎప్పుడూ మర్యాదగా ముగియదు. ఆ కాగితం మీ ఇంటి కూరకే, అమ్మకానికి కాదు.

ఆనకట్ట గోడ మీద నుంచి, గేట్ల దగ్గర, కరెంటు స్టేషన్ నీరు వదిలే కాలువ మూతి దగ్గర ఎవరి కాగితమూ పనిచేయదు. అక్కడ గార్డు మాటే మాట.

అయిదో మెట్టు: ఎంత, ఏ సైజు?

మన జిల్లాల్లో సరదాకు గాలం వేసేవారికి పరిమితి లీజుదారో, సంఘమో చెప్పేదే. వాళ్లు ఏమీ చెప్పకపోతే కింది కొలత పెట్టుకోండి. ఇది చట్టం కాదు, చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసుకు రావాలన్న లెక్కతో మేం సూచించే కొలత. ముక్కు కొస నుంచి తోక కొస దాకా టేపుతో కొలవాలి.

శీలావతి, ఎర్రమోసు 40 సెంటీమీటర్ల లోపు అయితే వదిలేయండి. బొచ్చె 45, కొరమీను 30, వాలుగ 60. మనిషికి రోజుకు పెద్ద చేపలు రెండు చాలు. తిలాపియాకు మా లెక్కలో పరిమితి లేదు. అది ఏడాది పొడవునా పిల్లలు పెట్టి మన చేపల మేత తింటుంది, దొరికినంతా కూరకు తీసుకెళ్లండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషేధం. చెరువుల్లోంచి తప్పించుకున్నది గాలానికి తగిలితే మళ్లీ నీటిలో వేయకండి. మహసీర్ ఒడిశా రాష్ట్ర చేప. ఎక్కడ తగిలినా, ఎంత పెద్దదైనా వెంటనే వదిలేయండి.

తాబేలు గాలానికి తగలడం మామూలే. మన చెరువుల్లో ఎక్కువగా కనబడే మెత్తడొప్ప తాబేలుకు వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూలు రక్షణ ఉంది. దాన్ని ఇంటికి తెచ్చారంటే జైలు దాకా వెళుతుంది వ్యవహారం. దారం పట్టి వేలాడదీయకుండా డొప్ప వెనక భాగం పట్టుకుని ఒడ్డున పెట్టి, కొక్కెం తేలిగ్గా రాకపోతే దారాన్ని నోటి దగ్గరకు కత్తిరించి వదిలేయండి.

బాంబు, విషం, కరెంటు గురించి. 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు చంపడాన్ని నేరంగా చెప్పింది. శిక్ష రెండు నెలల దాకా జైలు లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఆ 200 చూసి తేలిగ్గా తీసుకునేవారున్నారు. పేలుడు పదార్థం చేతిలో ఉంటే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తుంది, అందులో శిక్షలు ఏళ్ల లెక్కలో ఉంటాయి. లైను తీగకు కొక్కెం వేసి నీటిలోకి కరెంటు దింపితే విద్యుత్ చౌర్యం కేసు అదనం. మంగకాయ దంచి కలిపినా, బ్లీచింగ్ పౌడర్ చల్లినా విషమే. ఇలా చచ్చిన చేపలో మనకు చేతికందేది కొంతే. మిగతాదంతా అడుగున కుళ్లుతుంది, పిల్లతో సహా. అలాంటి పని జరుగుతుంటే దగ్గరకు వెళ్లకుండా 112కు ఫోన్ చేయండి.

ఆరో మెట్టు: సరంజామా, ఎర

చెరువులో శీలావతి, ఎర్రమోసు కోసం 7 నుంచి 9 అడుగుల మీడియం రాడ్డు, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 6 లేదా 8 నంబరు కొక్కెం చాలు. బొచ్చెకు, జలాశయానికి దారం 0.35, కొక్కెం 4 లేదా 2. వాలుగకు పళ్లుంటాయి కాబట్టి కొక్కెం పైన ఒక అడుగు స్టీలు తీగ తప్పనిసరి. రీలు డ్రాగ్‌ను, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని జారనిచ్చే బిగింపును, దారం తెగే బరువులో మూడో వంతు దగ్గర జారేలా బిగించాలి. స్ప్రింగు త్రాసును దారానికి కట్టి లాగితే ఎక్కడ జారుతుందో తెలుస్తుంది.

పిండి ఎర: గోధుమ పిండి 200 గ్రాములు, వేయించి పొడి చేసిన వేరుశనగ చెక్క 100, సన్నటి తవుడు 50, రాగిపిండి 50. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా పిసికి, తడి గుడ్డ కప్పి అరగంట ఉంచండి. గ్లాసు నీటిలో చిన్న ఉండ వేసి చూడండి. పది నిమిషాలకే విడిపోతే పిండి పలచన, అరగంటకూ కరగకపోతే మరీ గట్టి. పదిహేను, ఇరవై నిమిషాల మధ్య పైపొర వదులవుతుంటే సరిపోయింది.

చోటు కట్టడానికి, అంటే చేపలను ఒకచోటికి రప్పించడానికి, చల్లే మేత: తవుడు కిలో, చెక్క పావుకిలో, రాత్రంతా నానబెట్టి, ఆ చోటి మట్టి రెండు గుప్పిళ్లు కలిపి నారింజకాయంత ముద్దలు చేయండి. మొదట నాలుగు ముద్దలు, తర్వాత గంటకొకటి. ఎండాకాలంలో చిన్న చెరువులో సగమే వేయండి. తినకుండా మిగిలింది కుళ్లి నీటిలో ఆక్సిజన్ లాగేస్తుంది, మర్నాడు లీజుదారు చేపలు తేలితే మీ మీదకే వస్తాడు.

బతికిన కప్పను ఎరగా కట్టడం మానేయండి. పెద్ద బావురుకప్పకు వన్యప్రాణి చట్టంలో రక్షణ ఉంది. కొరమీనుకు రబ్బరు కప్ప బాగా పనిచేస్తుంది. నీళ్లు ఎగజిమ్మి కప్ప మాయమవగానే లాగేయకండి. రెండు మూడు సెకన్లు ఆగి, దారం బిగుసుకున్నాక గుంజితే దవడకు పడుతుంది. వెంటనే గుంజితే కప్ప ఒక్కటే ఎగిరి వస్తుంది.

ఎక్కడ తప్పుతుంది? బెండు కదులుతున్నా చేప పడకపోతే చాలాసార్లు కొక్కెం మొన పిండిలో పూర్తిగా కూరుకుపోయి ఉంటుంది, మొన కాస్త బయటకు ఉంచండి. దారం ముడి దగ్గరే తెగుతుంటే ముడిని పొడిగా బిగిస్తున్నారన్నమాట. రాపిడికి నైలాన్ వేడెక్కి బలం పోతుంది, నోటితో తడిపి బిగించండి. బెండు నిలువుగా నిలబడక పక్కకు వాలి ఉంటే సీసం నేలకు ఆనిందని అర్థం, లోతు తగ్గించండి. శీలావతి కొరుకు సన్నగా ఉంటుంది: బెండు రెండు సార్లు వణికి, ఏటవాలుగా జారుతుంది. వణికినప్పుడు కాదు, జారినప్పుడు గుంజాలి.

ఏడో మెట్టు: వదిలే చేపను బతికేలా వదలడం

వదలడమంటే విసరడం కాదు. ఇంటి దగ్గరే ప్లయర్‌తో కొక్కెం వెనక ముల్లును నొక్కేస్తే సగం పని అయినట్టే, కొక్కెం వేలితో తిప్పితే వచ్చేస్తుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేతికి చేప ఒంటి జిగురు ఊడివస్తుంది, అక్కడే బూజు తెగులు పడుతుంది. మొప్పల్లో వేలు పెట్టకండి. కొక్కెం గొంతులోకి దిగితే పీకకుండా దారం కత్తిరించండి. ఫొటో తీయాలంటే మీరు ఊపిరి బిగబట్టండి, మీకు ఆడనప్పుడు చేపనూ నీటిలో పెట్టండి. మార్చి దాటాక నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుంది. ఎక్కువసేపు ఆడించిన చేప ఈదుతూ వెళ్లినట్టే కనబడి తర్వాత చస్తుంది. ఎండాకాలంలో గట్టి దారం వాడి త్వరగా ఒడ్డుకు తెచ్చేయండి.

ఇంగిలాయి, జెల్ల తగిలితే రొమ్ము ముళ్లతో జాగ్రత్త. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే భుజం దాకా సలుపుతుంది. గుచ్చుకున్న చోటు కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. వేడి చూడటానికి రెండో చేయి వాడండి, గుచ్చుకున్న చేతికి వేడి సరిగ్గా తెలియదు. ముల్లు లోపల విరిగినా, వాపు పెరిగినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎనిమిదో మెట్టు: మీ ప్రాణం

మాచ్‌ఖండ్, బలిమెల లాంటి విద్యుత్ కేంద్రాల దిగువన చుక్క వాన లేకుండానే నీరు పెరుగుతుంది, కరెంటు అవసరాన్నిబట్టి వదులుతారు. నది మధ్య రాతి మీదకు వెళ్లేముందు తడి అంచు దగ్గర ఒక పుల్ల గుచ్చండి. పుల్ల మొదలు మునిగితే సామాను వదిలేసైనా ఒడ్డుకు వచ్చేయండి. సైరన్ కోసం ఎదురుచూడకండి, వాగు హోరులో అది వినబడకపోవచ్చు.

మల్కన్‌గిరి జిల్లాలో, ముఖ్యంగా సతిగుడ జలాశయంలో, మొసళ్లున్నాయి. నీటి అంచుకు కనీసం మూడు నాలుగు మీటర్ల వెనక కూర్చోండి. మోకాలి లోతులోకి దిగి వేయకండి. పట్టిన చేపను తాడుకు గుచ్చి నీటిలో వేలాడదీయకండి, చేప కడుపు అక్కడే కోసి పేగులు నీటిలో పారేయకండి. చీకటి పడకముందే లేవండి. ఈ జిల్లాల్లో మలేరియా ఉంది, సాయంత్రం పొడుగు చేతుల చొక్కా మంచిది.

గ్రాఫైట్ రాడ్డులో కరెంటు పారుతుంది. ఉరుము వినబడగానే రాడ్డు నేల మీద పడేసి దూరంగా వెళ్లండి. చెరువు గట్టు మీద పోయే లైను తీగల కింద రాడ్డు ఎత్తకండి.

లేచేముందు

తీసుకెళ్లే చేపను వెంటనే తల మీద కొట్టి చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, కిలో చేపకు కిలో ఐసు చొప్పున పెట్టెలో పెట్టండి. ఏప్రిల్ ఎండలో ఐసు లేకుండా జయపురం నుంచి సాలూరు దాకా తెస్తే కూరకు పనికిరాదు. కాగితంలో రాసిన ధర ప్రకారం డబ్బు లెక్క తేల్చి, చేపల కొలతలు అదే కాగితం వెనక రాసి సంఘానికి ఒక ఫొటో పంపండి. ఏ సైజు పిల్ల ఎంత ఎదిగిందో వాళ్లకు పనికొస్తుంది, మళ్లీ వెళ్లినప్పుడు అనుమతి అడగడం మీకూ తేలికవుతుంది.

తెగిన నైలాన్ దారం ముక్క కూడా గట్టు మీద మిగలకూడదు. కొంగల కాళ్లకు, పశువుల గిట్టలకు చుట్టుకుంటుంది. జానెడు ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తలో వేయండి. ఒక నీటిలో వాడిన వల సంచి, బూట్లు మరో నీటికి తీసుకెళ్లేముందు కడిగి, పూర్తిగా ఎండలో ఆరనివ్వండి. మిగిలిన బతికిన ఎర చేపలను ఆ కొత్త నీటిలో మాత్రం వదలకండి.